రెండో జడ

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. దీపం పెట్టి, నీ గచ్చిబౌలి ఫ్లాట్‌లోనే కూర్చుని రాస్తున్నాను.

విడాకులయ్యాక కూడా పిల్ల మీద ఇద్దరి చెయ్యీ ఉండాలన్నావు. అందుకే ప్రతి శనివారం రమేష్ తన దగ్గరుండే నవ్యకు ఒక జడ వేసి కింద లిఫ్ట్ ఎక్కించేవాడు. రెండోది పైన నువ్వు వేసేదానివి. నువ్వు పోయాక నేను వేస్తున్నాను.

తల్లి లేని ఇంటికి పిల్లను రప్పించడమెందుకు, ఇక ఆపేద్దామని ఈవేళ అతనికి చెప్పాలనుకున్నాను.

లిఫ్ట్ తెరుచుకుంది. నవ్య రెండు జడలతో దిగింది.

"రెండూ నాన్ననే ఏసిండా?"

"నాన్న ఒకటే ఏసిండు పెద్దమ్మా. ఇది అమ్మ ఏసింది, లిఫ్ట్‌ల."

రమేష్‌కు ఫోన్ చేశాను.

"ఎప్పటిలెక్కనే ఒకటే ఏసిన వదినా. ఏమైంది?"

నవ్యను వెనక్కి తిప్పి చూశాను. రెండో జడకు రిబ్బన్ ముడి ఎదురు తిరిగి ఉంది, నీ ఎడమచేతి ముడిలాగే.

"ఏం లేదు. వచ్చే శనివారం గూడ పంపియ్యి," అన్నాను.

తలస్నానానికి జడలు విప్పమని నవ్య ఇప్పుడు నా ముందే కూర్చుంది. రమేష్ వేసింది విప్పాను. నీది విప్పడానికి చేతులు రావడం లేదు.

అక్క