నెట్ వైరు పీకి నకలు తీయించవలసిందిగా మనవి

సైబర్ ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,
చందానగర్ మార్కెట్‌లో ల్యాప్‌టాప్ రిపేరు దుకాణం నడుపుకొను మొగిలి వ్రాసుకొన్నది.

అయ్యా,

విషయం: బూటబుల్ పెన్ డ్రైవ్ తయారీకి నేను ఎంచుకొన్న సాఫ్ట్‌వేర్ వలన ప్రియాంక అను మహిళ చిరునామా బయటపడుట, ఆమె ప్రాణరక్షణ గురించి.

1. గత నెలలో ప్రియాంక గారు నా దుకాణమునకు వచ్చి, భర్త గిరీష్ దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచి పుప్పాలగూడలో ఒక గదిలో తలదాచుకొన్నట్లు తెలియజేసినారు. "ఈ ల్యాప్‌టాప్‌లో ఆయన ఏమేం పెట్టినాడో తెలీదన్నా. వాటికి తెలీకుండా లాయరుకు మెయిలు పంపల్ల" అన్నారు. లోపలి సిస్టమ్‌ను లేపకుండా పెన్ డ్రైవ్ మీదనే నడిచే లినక్స్ అను వేరే సిస్టమ్ చేసి ఇస్తానని, ఫికర్ వద్దని నేనే మాట ఇచ్చినాను.

2. అట్టి పెన్ డ్రైవ్ చేయుటకు లినక్స్‌లోనే డీడీ అను కమాండ్ కలదు. అది ఎవరికీ ఏమీ చెప్పదు. అయితే డిస్క్ పేరులో ఒక్క అక్షరం తప్పినా వేరే డిస్క్‌ను ఊడ్చేస్తుంది. నిరుడు అలాగే ఒక కస్టమర్ పెళ్లి ఫొటోలన్నీ పోగొట్టి, మార్కెట్‌లో నలుగురి ముందు తిట్లు తిన్నాను. ఆ భయం కొద్దీ, బొమ్మలు చూపి మూడు నొక్కులతో పని ముగించే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారితిని. దాని కింది మూలన 'వాడుక వివరాలు పంపుటకు సమ్మతి' అని ముందే పెట్టిన టిక్కు ఉన్నది. నేను చూడలేదు. ఉచితమని ఎగబడిన నాకు బుద్ధి లేదు.

3. రోజుకు పది పెన్ డ్రైవ్‌లు చేసి ఇళ్లకు చేర్చేవాడిని కనుక, దర్జీ గుడ్డకు చీటీ కట్టినట్టు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించే ప్రతి ఫైలుకు కస్టమర్ పేరు, చోటు పెట్టడం నా అలవాటు. ఆమె ఫైలుకు 'ప్రియాంక, పుప్పాలగూడ, పాల డిపో మీద ఐదో అంతస్తు' అని పెట్టినాను. సదరు సాఫ్ట్‌వేర్ ఫైలు పేరు కూడా దానిని తయారుచేసిన కంపెనీకి పంపునని తరువాత తెలిసినది.

4. పెన్ డ్రైవ్ ఇచ్చిన పదకొండవ రోజున గిరీష్ నా దుకాణమునకు వచ్చి, స్టూలు లాక్కొని కూర్చుని, నవ్వుతూ అన్న మాటలు యథాతథంగా: "నువ్వు వాడే సాఫ్ట్‌వేర్ పంపే వివరాలు మా ఆఫీసులోనే చూస్తామన్నా. లక్షల ఫైళ్ల పేర్లొస్తాయి, ఏ దుకాణం నుంచో కూడా. అడ్రసు కూడా రాసి పంపేది నువ్వొక్కడివే. పాల డిపో పక్కన మెట్లా, లిఫ్టా?"

"నాకు తెల్వదు సార్" అన్నాను. "పోయి చూసుకుంటాలే" అని లేచినాడు. నేను వెంటనే ఫోన్ చేయగా ఆమె ఆ పెన్ డ్రైవ్ ఒక్కటి పట్టుకొని వెనుక మెట్ల మీదుగా కట్టుబట్టలతో దిగినది. "ఈసారి దొరికితే చంపేస్తాడన్నా" అని మాత్రం అన్నది. ఇప్పుడు ఆమె ఉన్న చోటు నాకొక్కడికే తెలుసు. అయ్యా, వాడికి దారి చూపినది నేనే.

5. కావున గిరీష్‌ను వెంటనే అదుపులోకి తీసుకొనవలెను. ఆమె కొత్త చిరునామా అంటించిన కవరులో ఉన్నది. తమరు చదివి చింపవలెను, ఏ కంప్యూటర్‌లోనూ ఎక్కించరాదు. సాక్ష్యంగా ఆమె పెన్ డ్రైవ్ జతపరచడమైనది. నకళ్లు కావలసివస్తే నెట్ వైరు పీకి, డిస్క్ పేరు మూడుసార్లు చదివి, డీడీతోనే తీయించవలెను. నెట్ లేనిదే పనిచేయనని మొరాయించే దేనినీ నమ్మరాదు.

తలుపు వేసుకొని, తమరొక్కరే చిత్తగించవలెను.

తమ విధేయుడు, తప్పు చేసినవాడు,
మొగిలి

తా.క.: సార్, ఇది మీ కౌంటర్ కాడ నిలబడి రాస్తున్న. లోపలికి పోయే ప్రతి కాగితం తెరిచి కంప్యూటర్‌ల ఎక్కించాలని రూలట. మీ ఆపరేటర్ రవికిరణ్ కవరు చింపిండు. పెన్ డ్రైవ్‌కు మూడు నకళ్లు కావాలని దాన్ని ఒక ఫైలుగా తీసి, గుర్తుకు ప్రియాంక పేరు, కవరులో ఉన్న అడ్రసు ఆ ఫైలుకే పేరుగా కొట్టిండు. తర్వాత తెరిచింది అదే సాఫ్ట్‌వేర్. "అన్నా ఆపు, కింద టిక్కు తియ్యి!" అని అరిచిన. "ఏం టిక్కు? జర ఆగు, పరేషాన్ గాకు. అగో, వంద శాతం అయిపోయింది" అన్నడు.

నేను ఆమె దగ్గరికి ఉరుకుతున్న. జల్దీ రండ్రి సార్. అడ్రసు మీ కంప్యూటర్‌లనే ఉంది. ఈపాటికి వాని దగ్గర గూడ ఉంటది.