ఎడమవైపు రక్తనాళం

హాల్యాకు,

ఓరెస్ట్ రాస్తున్నాను. ఇక్కడ అమ్మ, ఆవులు కులాసా. నా సంగతి కింద రాస్తాను. ఆ ఉత్తరాది గని క్యాంపులో అంతమందికి వండిపెడుతూ నువ్వు కూడా వేళకు తింటున్నావనుకుంటాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. కొట్టంలో నీళ్ల పైపు ఈసారి గడ్డకట్టలేదు. అమ్మ క్యాబేజీ పులియబెట్టి జాడీలకెత్తింది. ఉప్పు తక్కువైందన్నానని, "చేతులతోపాటు నీ నాలుక కూడా మొద్దుబారిందిరా" అంది.

ఆ చేతుల సంగతి పోయిన ఉత్తరంలో రెండుసార్లు అడిగావు. అంతకుముందు నేను చలికి తిమ్మిరెక్కుతున్నాయని రాశాను. చలి కాదు. చొక్కా గుండీలు అమ్మే పెడుతోంది. బడి బస్సు నడిపేటప్పుడు తలుపు మీట పట్టుకున్నానో లేదో కళ్లతో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. సాస్కటూన్ పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్తే, కీళ్లవాతం మెడదాకా పాకిందన్నారు. పై రెండు పూసలు వదులై వెన్నుపామును నొక్కుతున్నాయట. స్క్రూలు బిగించి ఆ రెండింటినీ కలిపేస్తే చాలన్నారు.

స్క్రూలు ఎక్కడ దించాలో ముందే చూసుకోవాలని, నరంలోకి మందెక్కించి మెడకు సీటీ స్కాన్ తీశారు. తర్వాత డాక్టర్ ఫ్రీసెన్ అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి, తెరమీద నా ఎముకలను అటూ ఇటూ తిప్పి చూపించింది.

"ఇదిగో, ఎడమవైపు రక్తనాళం. మెదడుకు పోయేది. మామూలుగా కాస్త పక్కనుంచి పోతుంది. మీకు ఎముక లోపలికి మెలిక తిరిగింది. సరిగ్గా నేను స్క్రూ దించాల్సిన చోటే."

"కుడివైపుది ఉంది కదా?" అన్నాను.

"అది మరీ సన్నం. ఎడమది తెగితే ఆదుకోలేదు."

"ముందే కనబడింది, దేవుడి దయ" అని అమ్మ సిలువ గుర్తు వేసుకుంది. నేను మాత్రం ఎవరి మెడనో చూస్తున్నట్టు కూర్చున్నాను. భయం కూడా వెయ్యలేదు.

రెండు దారులున్నాయంది డాక్టర్. చిన్న స్క్రూ జాగ్రత్తగా పక్కనుంచి వేస్తే తల కొంత తిరుగుతుంది, కానీ రక్తనాళానికి ప్రమాదం ఉంటుంది. లేదంటే ఆ చోటు ముట్టుకోకుండా, పుర్రె వెనకనుంచి మెడ కిందిదాకా కడ్డీలు వేస్తారు. తల ఇక తిరగదు.

"మరి బస్సు?"

"నడపలేరు. తొందరేం లేదు, ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి."

"మాట్లాడుకున్నాం. కడ్డీలే వెయ్యండి" అన్నాను.

అమ్మ నావైపు తిరిగింది. "ఎవరితో మాట్లాడావురా?"

హాల్యా, ఇక దాచను. ఆపరేషన్ అయిపోయింది. బస్సు తాళాలు అంతకుముందే బడిలో ఇచ్చేశాను. పిల్లలు బొమ్మ గీసిచ్చారు. బాగుందన్నాను, అంతకుమించి ఏమీ అనిపించలేదు. నీకు చెబితే పని వదిలేసి వచ్చేస్తావని కాదు, చెప్పనిది. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు. నాకూ ఏడుపు రావాలి కదా. రాకపోతే నీకేం చెప్పుకోను? ఆపరేషన్ కంటే నాకు అదే భయమేసింది.

మెలకువ రాగానే కాళ్లు కదిలాయి. డాక్టర్ సూదితో ఒక్కొక్క వేలూ గుచ్చి చూసింది. కుడిచేతి చూపుడువేలికి మాత్రం కాస్త తెలిసింది. "పోయింది తిరిగి రాకపోవచ్చు. ఇంకా పోకుండా ఆపాం" అంది. సరేనన్నాను.

ఇదంతా నేనే రాస్తున్నాను. కలం జారినప్పుడల్లా అమ్మ తీసి మళ్లీ వేళ్ల మధ్య పెడుతోంది. "కోళ్లు కెలికినట్టుంది, ఎలా చదువుతుందిరా అది?" అంటోంది. చదువుతావని నాకు తెలుసు.

వచ్చే నెల నువ్వు విమానం దిగేసరికి పక్కింటి బోడాన్ బండిలో వచ్చి ఉంటాను. పక్కనుంచి పిలవకు, తల తిప్పలేను. ఎదురుగా వచ్చి నా చూపుడువేలు పట్టుకో, గట్టిగా. నువ్వొచ్చావని తెలుస్తుంది.

ఇట్లు,
నీ భర్త
ఓరెస్ట్