గిరిబాబు ఇంటికి వెళ్లొచ్చాను

ఆమదాలవలస,
ఆదివారం మధ్యాహ్నం.

సింధూరికి,

ఇక్కడ అమ్మా నాన్నా నేనూ కులాసా. నీ ఉద్యోగపు ఊళ్లో, ఆ కొండల చలిలో నువ్వూ మన పాప దేవీ కూడా కులాసాగానే ఉన్నారనుకుంటూ మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అందింది. "ఫోన్లో నువ్వు మీటింగు ముగించినట్టు ముగిస్తావు బావా. 'ఇంకేమైనా ఉందా' అంటావు, లేదనగానే పెట్టేస్తావు. ఈసారి కాగితం మీద రాయి" అన్నావు. చదవగానే నవ్వొచ్చింది. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. చేత్తో రాసి ఎన్నాళ్లయిందో, అక్షరాలు వంకరపోతున్నాయి. సర్దుకుని చదువుకో.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. "నా మేనకోడలికి సెప్పు, అది పంపిన తైలం బాగా పనిసేసింది" అంది. నువ్వు పంపిన ఉన్ని శాలువా ఈ ఊరి ఎండకి ఎందుకే అని సణుగుతూనే పొద్దున్నే కప్పుకుని కూర్చుంటోంది. నాన్నకి ఇది కోతల కాలం కదా, గోనెసంచుల కొట్టు ముందు ఒకటే జనం. రైతులు, కమీషన్ వాళ్లు, లారీ డ్రైవర్లు. భోజనం కూడా కిందికే పంపించమంటున్నారు. ఆయన అరుపులు మేడ మీద నా మీటింగుల్లోకి వినబడుతుంటే మైకు ఆపేస్తూ ఉంటాను. నేను వేళకి తింటున్నాను. చిక్కిపోలేదు.

ఇంక నీ ఆఖరి ప్రశ్న. "రోజంతా అంతమందితో మాట్లాడతావు కదా, వాళ్లలో నీకు దగ్గరివాళ్లెవరు?" అని ఊరికే అడిగి ఉంటావు. నాకు మాత్రం దానికి జవాబు దొరకలేదు. ఉత్తరం ఆలస్యమైంది అందుకే.

విశాఖలో మా ఆఫీసు కరోనాలో మూతపడి మళ్లీ తెరుచుకోలేదని నీకు తెలుసు. బీమా కంపెనీ పాలసీదారుల ఫిర్యాదులు చూసే మా జట్టుకి నేను లీడరయ్యాక చేరినవాళ్లే ఎక్కువమంది. ఒక్కళ్లనీ నేను ఎదురుగా చూడలేదు. తెర మీద పేర్లు ఉంటాయి, గొంతులు ఉంటాయి. కెమెరా పెట్టమంటే నెట్ బాగోలేదంటారు. నేనూ అదే అంటాను.

మొన్నామధ్య మా కంపెనీ లీడర్లందరికీ శుక్రవారాలు క్లాసులు పెట్టింది. మారిన ఉద్యోగాల్లో మనుషుల్ని ఎలా నడిపించాలి అని. వెక్కిరించుకోవచ్చు కదా అని కూర్చున్నాను గాని, ఆ చెప్పే ఆవిడ మంచి మాటలే చెప్పింది. "పక్క కుర్చీలో ఉన్న మనిషి దిగులుగా ఉంటే మొహం చూస్తే తెలిసిపోయేది. ఇప్పుడు అడిగితేగాని తెలీదు. అందుకని అడగండి. అడిగాక ఆగండి" అంది. బాగుందనిపించింది. అప్పట్నుంచి వారానికోసారి ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి "ఎలా ఉన్నారు?" అని అడగడం మొదలుపెట్టాను. అందరూ "బాగున్నాం సర్" అనేవారు. నేను మంచి లీడర్నయిపోతున్నాననుకున్నాను.

తర్వాత ఫిర్యాదులకి తనంతట తానే జవాబులు రాసే కొత్త యంత్రం ఒకటి వచ్చింది. సగం పని అది చేసేస్తోంది. దాంతో ప్రతి జట్టు నుంచీ ఒకర్ని తగ్గించమని పైనుంచి ఆర్డరు. హైదరాబాదులో ఉండే మా మేనేజరు సుహాసిని గారు నాకు ఫోన్ చేసి, "మీ జట్టులో అందరికంటే తక్కువ పని గిరిబాబుది. మీరు ఒప్పుకుంటే అతని పేరు పంపిస్తాను" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నేను లెక్కలు చూశాను. నిజమే. ఒప్పుకున్నాను.

ఇలాంటివి ఎలా చెప్పాలో కూడా రాసి పంపిస్తారు. కెమెరా పెట్టాలి. పది నిమిషాల్లో ముగించాలి. కారణాలు చర్చించకూడదు. కంపెనీ లాప్‌టాప్ వెనక్కి పంపడానికి ఖాళీ పెట్టె కొరియర్ చెయ్యాలి. ఆ పెట్టె కోసం అతని చిరునామా తెరిచి చూశాను.

నౌపడ.

నేను రెండేళ్లుగా రోజూ మాట్లాడే మనిషి సింధూ! ఎప్పుడైనా కెమెరా పెడితే వెనకాల పుస్తకాల బీరువా కనబడేది, ఏ హైదరాబాదు ఫ్లాట్లోనో ఉంటాడనుకునేవాణ్ణి. మాటలు కూడా అలాగే, సగం ఇంగ్లీషు, సగం పుస్తకాల తెలుగు. నేను మాత్రం ఎలా మాట్లాడేవాణ్ణి? పలాస పాసింజరు ఎక్కితే గంటలో దిగే ఊళ్లో ఉన్నాడు మనిషి.

నేనే వెళ్లి చెప్తానని సుహాసిని గారితో అన్నాను. "అలా కుదరదు ఉపేంద్రా. కాల్ సోమవారం, అందులో మార్పు లేదు. ఈలోపు మీరు ఏ ఊరికెళ్తే నాకెందుకు?" అంది. అంటే వెళ్లమన్నట్టే అనుకుని శనివారం రైలెక్కాను.

నౌపడ స్టేషన్ బయట ఒకావిణ్ణి అడిగితే, "కంప్యూటరు ముందల కూసుంటాడు, ఆ గిరిబాబేనా? ఉప్పు మళ్లకాడికి ఎల్లే దారిలో ఆకరి ఇల్లు" అని చూపించింది. రేకుల వసారా ఉన్న చిన్న ఇల్లు. ఎదురుగా ఉప్పు మళ్లు, గట్ల మీద తెల్లటి పోగులు, ఎండకి కళ్లు విప్పలేకపోయాను. గేటు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. గొంతు విన్నాక గాని పోల్చుకోలేకపోయాను.

"ఎవలు కావాలండీ?"

"నేను గిరిబాబూ. ఉపేంద్రని."

అతను గేటు వదిలేసి ముందుకొచ్చాడు. "సారా? మీరేటి సార్ ఇక్కడ?"

"మాది ఆమదాలవలసే గిరిబాబూ."

"ఆమదాలవలసా! ఓలమ్మో, మరి ఇన్నాళ్లూ ఆ ఇంగిలీసేటి సార్ మనకి?" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక మనిషి ఎదురుగా నిలబడి అంతలా నవ్వి ఎన్నాళ్లయిందో నాకే తెలీదు. ఆ నిమిషంలో, ఎందుకొచ్చానో నిజంగా మర్చిపోయాను.

లోపలికి తీసుకెళ్లాడు. భార్య దుర్గాభవాని నీళ్లిచ్చి, భోంచేసి వెళ్లాల్సిందేనంది. అతను పనిచేసే గది చూపించాడు. గోడకి పుస్తకాల బీరువా లేదు, తెర మీద కనబడేది ఉత్తి బొమ్మ. సున్నం రాలిన గోడకి బల్ల ఆనించి, దాని మీద కంపెనీ లాప్‌టాప్. కిటికీలోంచి చూస్తే ఉప్పు మళ్లే.

"మొదట్లో బాగానే సేసీవోడిని సార్" అన్నాడు తనంతట తనే. "ఇప్పుడు పని తగ్గిపోనాదని నాకూ తెలుసు. ఏటి సెయ్యను? పొద్దున్న కూసుంటే సాయంత్రం దాకా పేరెట్టి పిలిసినోడుండడు. తెర మీద ఓ పిర్యాదు నెంబరు పడతాది, తీస్తాను. ఇంకోటి పడతాది. గుండెల్లో ఏటో అయిపోతాది సార్. లేసి గేటుకాడికొచ్చి నిలబడతాను, ఎవరేనా ఎల్తారేమో, ఓ మాటాడదామని."

"వారం వారం ఎలా ఉన్నారని అడిగేవాణ్ణి కదా గిరిబాబూ. ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

అతను మొహమాటపడ్డాడు. "తప్పనుకోకండి. మీరడిగీవోరు గానీ, నేను నోరిప్పీలోపు మీ గొంతు ఇంకో మీటింగుకి ఎల్లిపోనట్టుండీది. మనిసి బిజీగా ఉన్నాడు, మన గోల ఎందుకులే అని బాగున్నాననీవోడిని."

అతను చెప్పిన గది, కుర్చీ, గేటు, అన్నీ నావే సింధూ. నాకు గేటు బదులు మేడమెట్లున్నాయి, అంతే.

దుర్గాభవాని చేపల పులుసు వేసి అన్నం పెట్టింది. అన్నం కెలుకుతూ ఏదో వాన గురించి, రైళ్ల గురించి మాట్లాడుతున్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి నా వైపు చూసింది. "బాబూ, మీరు బోజనానికి రాలేదు. వొచ్చిన పనేటో సెప్పీండి. తినీసినాక సెప్తే ఇంకా కట్టంగుంటాది."

చెప్పేశాను. యంత్రం సంగతి, ఆర్డరు సంగతి, నేను ఒప్పుకున్న సంగతి కూడా దాచలేదు. గిరిబాబు తల వంచుకుని కంచంలో వేలితో రాస్తూ కూర్చున్నాడు. నేను లేచి నిలబడి, నా మొహం మీదే తిట్టండి అన్నాను. అప్పుడు తలెత్తాడు.

"ఎలా తిడతాను సార్? ఫోన్లో సెప్పుంటే మిమ్మల్నీ కంపెనీనీ తిట్టుకుని ఓ పూట పడుకునీవోడిని. ఇప్పుడు నా ఇంటికొచ్చి నా కంచం ముందల కూసున్నారు. ఇంటికొచ్చిన మనిసిని ఏటంటాను? నా కోపం కూడా నాకు లేకుండా సేసీసినారు."

నేను గొప్ప పని చేస్తున్నాననుకుని రైలెక్కాను. అతని కోసం వెళ్లానో, నా మనసు తేలిక చేసుకోవడానికి వెళ్లానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అయినా స్టేషన్ దాకా వచ్చి దిగబెట్టాడు. బండొచ్చేదాకా ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం, అంతే.

సోమవారం కాల్ జరిగింది. అతని వెనకాల మళ్లీ పుస్తకాల బీరువా. నన్నెప్పుడూ చూడనట్టే, "థాంక్యూ సర్" అని ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు జట్టంతా కూడినప్పుడు, "గిరిబాబు వేరే అవకాశం చూసుకున్నారు" అని చెప్పాలి నేను. అలాగే రాసిచ్చారు. నేను మాత్రం "గిరిబాబుని మేం తీసేశాం. ఆ నిర్ణయానికి నేనూ ఒప్పుకున్నాను" అన్నాను. చాలాసేపటికి విజయనగరం నుంచి పనిచేసే కుసుమకుమారి అనే పిల్ల అడిగింది, "తర్వాత నేనేనా సర్?"

"తెలీదమ్మా. తెలిసిన రోజున దాచను. ముందు నీకే చెప్తాను" అన్నాను. ఆ తర్వాత ఆగాను. ఎంతసేపైతే అంతసేపు ఊరుకున్నాను. ఆ పిల్ల నెమ్మదిగా, ఇంట్లో వేరే చోటు లేక వంటింట్లో కూర్చుని పనిచేస్తున్నాననీ, అత్తగారు కుక్కరు పెట్టినప్పుడల్లా మైకు ఆపేస్తాననీ చెప్పింది. ఇంకొకరు ఇంకేదో చెప్పారు. ఆ రోజు మా పని చాలా వెనకబడింది. సుహాసిని గారు తర్వాత మందలించింది, మందలించి, "మాటలు బాగా మాట్లాడుకున్నారట కదా" అంది.

గిరిబాబు కొన్నాళ్లు నా ఫోన్ ఎత్తలేదు. పోయిన ఆదివారం తనే చేశాడు. టెక్కలిలో సెల్‌ఫోన్ల కొట్లో కుదిరాడట. జీతం తక్కువే. "పొద్దున్నించి ఒకటే మనుసులు సార్, తలనొప్పొచ్చేస్తన్నాది" అని నవ్వాడు. కోపం పోయిందా అని అడిగాను. "లేదు సార్. ఉన్నాది. ఉంటాది" అన్నాడు. "బోంచేసినారా?" అని కూడా అడిగాడు. నేను చెప్పేదాకా ఆగాడు.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ దీని చుట్టూ తిరుగుతున్నాను.

మీ ఊరికి కేబుల్ వేశారని, నెట్ బాగా వస్తోందని, ఇంక నేను అక్కడికొచ్చి పనిచేసుకోవచ్చని నువ్వు రాసి చాలా రోజులైంది. కంపెనీ ఒప్పుకోవడం లేదని నీతో అన్నాను. అది అబద్ధం సింధూ. నేను అడగనే లేదు.

ఎందుకో నువ్వడగకముందే చెప్తాను. దసరా సెలవులకి మీరిద్దరూ వచ్చినప్పుడు ఒకరోజు దేవి నా గది తలుపు తోసుకుని వచ్చింది. ఏదో బొమ్మ వేసి చూపించడానికి. నేను తెర మీంచి కళ్లు తిప్పకుండా చెయ్యెత్తి ఆపాను. అది అలాగే వెనక్కి నడిచి, చప్పుడు కాకుండా తలుపు వేసేసింది. అది ఏడ్చి ఉంటే బాగుండేది. అలవాటైపోయినట్టు వెళ్లింది. ఆ తర్వాత మీరున్నన్నాళ్లూ మళ్లీ తోసుకురాలేదు. నేను ఒంటరిగా ఉన్నానంటే దూరం వల్లనే అని ఇక్కడ చెప్పుకోవచ్చు. అక్కడికొచ్చి, మీ ఇద్దరి మధ్య ఉండి కూడా ఇలాగే ఉంటే ఇంక తప్పు దేని మీద వెయ్యాలి? ఆ భయంతో అడగలేదు. మీరు లేని ఇంట్లో, పని అయిపోయాక కూడా లాప్‌టాప్ మూయకుండా కూర్చుంటాను. ఎవరూ పిలవరని తెలుసు. అయినా కూర్చుంటాను.

నౌపడ నుంచి వచ్చాక అడిగాను. "ఎక్కణ్ణుంచైనా చేసుకోండి, నేనెప్పుడు వద్దన్నాను?" అంది సుహాసిని గారు. అంత సులువుగా తేలిపోయింది. గౌహతి దాకా రైలు టికెట్ తీశాను, అక్కణ్ణుంచి ఎలా రావాలో నువ్వే చెప్పాలి. నాన్నకి చెప్తే, "ఎల్లరా. ఇక్కడ నీతో మాటాడాలంటే నేను మెట్లెక్కి రావాలి. అక్కడుంటే ఫోన్ సేస్తే సాలు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, ఆ రోజు సాయంత్రం కొట్టు కట్టేదాకా ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. సంచులు కొనడానికి వచ్చినవాళ్లందరికీ "మా పెద్దోడు" అని చూపించారు, కొత్తగా ఊళ్లోకి వచ్చినవాణ్ణి చూపించినట్టు.

నాకోసం వేరే గది చూడాలని నువ్వు అనుకుంటూ ఉంటావు. వద్దు. మీరిద్దరూ అన్నం తినే చోటే ఒక మూల బల్ల పడితే చాలు. కుక్కరు కూత వినబడనీ. దేవి వచ్చి తెరకి అడ్డంగా నిలబడితే నిలబడనీ, మా వాళ్లందరూ చూడనీ. మొదట్లో నేను చెయ్యెత్తుతానేమో, అలవాటు కదా. అప్పుడు వెనక్కి వెళ్లిపోకుండా, ఆ చెయ్యి పట్టుకోమని దానికి చెప్పు.

ఇట్లు,
నీ బావ,
ఉపేంద్ర