కుండ మీది గీత

నాయినా,

రేపు నువ్వు పోయిన రోజు. నీ ఫొటో ముందు నీళ్లు పెట్టడానికి కొత్త కుండ కొందామని ఈ పొద్దున ఉప్పల్ రోడ్డు పక్కన ఆగాను. ఒక కుండను నిమురుతుంటే వేలికి గీత తగిలింది. పచ్చి కుండలను కొట్టి సాపు చేసే నీ చెక్కకు అంచు పగిలి, ప్రతి దెబ్బకూ ఇలాంటి వంకర గీతే పడేది. పక్క కుండ మీదా అదే గీత.

నువ్వు పోయాక ఇల్లంతా వెతికినా ఆ చెక్క దొరకలేదు. నాచారంలో నువ్వు కుండలు చేసే సారె పీకేసి, ఆ చోట బండలు పరిపించాడు అన్న. చెక్కనూ ఎవరికో అమ్ముకున్నాడని నా అనుమానం. నేనే ఎత్తుకుపోయానని అన్న అనుమానం. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

"ఈ కుండలు ఎవరు జేసిన్రు?" అని అమ్మే ఆమెను అడిగాను.

"మా ఆయననే, అక్కా."

"కొట్టే చెక్క ఏడిది? మా అన్న అమ్మిండా?"

ఆమెకు కోపం వచ్చింది. "ఎవ్వరు అమ్మలే. నాచారం తాత బతికుండంగనే మా ఆయనను పిలిచి ఇచ్చిండు. నా పిల్లలకిస్తే పొయ్యిల వెడ్తరన్నడు."

అబద్ధమేమోనని ఆమె మొహంలోకి చాలాసేపు చూశాను. కానీ ఆ పొయ్యి మాట నీ నోటిదే.

ఇన్నాళ్లూ నేను అన్నను, అన్న నన్ను అనుమానించాం. నువ్వు అంతకుముందే ఇద్దరినీ అనుమానించావన్నమాట. మా రెండిళ్లలోనూ గ్యాసే కదా నాయినా, కట్టెల పొయ్యి ఎక్కడుంది?