లోపల నలభై ఎక్కువ

మే 4
ఐస్ ఫ్యాక్టరీ కొలవడానికి కాలేజీ వాళ్లొచ్చారు. ఆర్కిటెక్చర్ అంట. పదకొండు మంది, ఒక సారు. ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్లు. నాన్న వాచ్‌మన్, మేం ఉండేది గేటు పక్క గదిలోనే. ఎవరైనా ప్లాన్ వేసి కడతారు. వీళ్లు కట్టేసినదానికి ప్లాన్ వేస్తారంట. నాన్న పడీపడీ నవ్వాడు.
నన్ను టేపు చివర పట్టుకోమన్నారు. పట్టుకున్నా.

మే 5, సాయంత్రం 6
ఇనప తలుపు కింద నలిగి టేపు తెగింది. రింగుతో పాటు మొదటి ఆరు సెంటీమీటర్లు పోయాయి. నేనే తెంపాననుకుని ఏడుపొచ్చింది. స్టూడెంట్స్‌లో కళ్లజోడు అక్క ఏం కాదులే తమ్ముడూ అంది. పది అని ఉన్నచోట గోడకి ఆనించి, పది అని అరువు, నేను చూసిన నంబర్లోంచి పది తీసేసి రాసుకుంటా అంది.
అరవాలా అని అడిగా. అరవాలి అంది.
ఇవాళ డెబ్భై సార్లు అరిచుంటా. ఒక్క మాటే కదా, పర్లేదు. బయట గోడలన్నీ అయిపోయాయి. అక్క సూపర్ అంది.

మే 6
సారు నాన్నతో అన్నాడంట, సొంత ఆఫీసులో కొలతలకి ఒక కుర్రాడు కావాలి, జూన్ నుంచి, నెల జీతం అని. మీవాడిని చూస్తున్నా అన్నాడంట.
ఆరో క్లాసుతో ఆపేసినోడికి ఇంతకన్నా ఏం కావాలి.

మే 7
బావ దిగాడు. అమ్మ వాళ్ల అన్నయ్య కొడుకు. ఇంటర్ అయిపోయింది, నెల రోజులు ఇక్కడేనంట. బ్యాగ్ కింద పెట్టకుండానే, ఏం బామ్మర్దీ, ఫ్యాక్టరీ అమ్మేస్తున్నారా, నా వాటా ఏదీ అని అరిచాడు. స్టూడెంట్స్ అందరూ నవ్వారు. గంటలో అందరి పేర్లూ తెలుసు వాడికి. నాలుగు రోజులయింది, నాకు ఒక్కటీ తెలీదు.
సారు బావని ఏం చదివావ్ అని అడిగాడు. నన్నెప్పుడూ అడగలేదు.

మే 8, మధ్యాహ్నం
టేపు బావకిచ్చారు. నాకు టార్చ్ ఇచ్చారు. కోల్డ్ రూముల్లో కిటికీలుండవు కదా.

మే 8, సాయంత్రం
రాయాలా వద్దా. రాస్తా.
అక్క ఇవాళ పైన డ్రాయింగ్ దగ్గర ఉంది. పోతూ పోతూ బావకి, పది దగ్గర పెట్టు అని చెప్పింది. అరవమని చెప్పలేదు. అది నాకూ అక్కకీ మధ్య అలవాటు. ఇటు చివర నంబర్ చూసేది జుట్టన్న, పొడుగు జుట్టు స్టూడెంట్, ఇవాళే లోపలికొచ్చాడు, టేపు తెగిన సంగతి తెలీదు. బావ పది దగ్గర పెట్టాడు. జుట్టన్న పది తీసేయకుండా కనపడింది కనపడినట్టు రాసేశాడు.
మొదటి రూములోనే నాకు తెలిసిపోయింది. టార్చ్ పట్టుకుని నిలబడ్డా. వరసగా ఉన్న నాలుగు రూముల్లోనూ. బావ జోకులు వేస్తూనే ఉన్నాడు. నేను కూడా నవ్వా.

మే 9
గీస్తే కుదరట్లేదు. బయట గోడ కన్నా లోపలి రూములు, గోడల మందం కలిపితే నలభై సెంటీమీటర్లు ఎక్కువొస్తోంది. సారు ముందు నవ్వాడు, బిల్డింగ్ కన్నా దాని కడుపు పెద్దదా అని. తర్వాత నవ్వలేదు. రేపే ఆఖరు రోజు. లోపల టేపు ఎవరు పట్టుకున్నారు అని అడిగాడు.
నేనే సార్ అన్నాడు బావ. టక్కున.
అక్కకి వెంటనే అర్థమైంది. పది అని అరిచావా అంది. అరవాలా అన్నాడు, అచ్చం నాలాగే.
మళ్లీ కొలిచాం. టేపు నాకిచ్చారు, టార్చ్ బావ పట్టుకున్నాడు. నాలుగు రూముల్లో గొంతు చించుకున్నా. లెక్క సరిపోయింది.

మే 10
సారు వెళ్లిపోతూ, జూన్ ఒకటిన రా అన్నాడు నాతో. గాల్లో తేలా. ఆ తర్వాత నాన్న చెప్పాడు. నిన్న సాయంత్రం సారు బావనే అడిగాడంట. తప్పు ఒప్పుకునేవాళ్లు దొరకరయ్యా, నువ్వొస్తావా అని. బావేమో, నేను కాదు సార్, మావాడిని తీసుకోండి, వాడు ఒక్కసారి కూడా తప్పలేదు అన్నాడంట.
మంచోడిగా ఉండటంలో కూడా ముందు వాడే. కుళ్లుతో చచ్చిపోతున్నా.

మే 17
బావ రోజంతా నా కొత్త చొక్కా ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాడు. ఆఫీసర్ గారూ అంటాడు.

మే 26
బావకి ఇంకా చెప్పలేదు.

మే 31, ఉదయం 11
చెప్పేశా. మొదటి రూము నుంచీ నాకు తెలుసు బావా, కావాలనే నోరు మూసుకున్నా అని.
ఓస్, ఇంతేనా అన్నాడు. నవ్వాడు. మధ్యాహ్నం అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

జూన్ 1, ఉదయం 7:15
బయల్దేరుతున్నా. బావా, వెళ్లొస్తా అన్నా. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు కానీ రెప్పలు కదులుతున్నాయి. అలా దొంగనిద్ర పోవడం నాకు బాగా తెలుసు, మే 8 నుంచీ రోజూ నేను చేసిందే.