శుక్రవారం సెలవిచ్చే ఫెలోషిప్

కోరుట్ల

బాపూ, నీ బిడ్డ నవీన దండాలు.

ఎమ్మెస్సీ అయినప్పటి నుంచి ఫెలోషిప్‌ల కోసం వెతకని చోటు లేదు. ఆఖరికి ఒకటి దొరికింది! సముద్రపు తాబేళ్ల మీద మూడేళ్ల పరిశోధన. ఫీజు వాళ్లదే, గది వాళ్లదే, నెలనెలా పైసలు కూడా ఇస్తారు. నెలాఖరులోగా సరేనని చెప్పాలి. నువ్వు ఊఁ అంటేనే చెప్తాను. ఫోన్‌లో అడిగితే మీ రూమంతా సలహాలిస్తుంది కాబట్టి ఉత్తరం రాసి ఫొటో పంపుతున్నాను.

నీ నవీన

తా.క.: ఎడమచేతి వాటం వాళ్లకని ఒక స్కాలర్‌షిప్ కనిపించింది. అమ్మ వారం రోజులు నాతో ఎడమచేత్తో రాయించింది. ఇప్పుడు ఏ చేత్తో రాసినా నా రాత చదవలేం.

సూర్

బిడ్డ నవీనకు బాపు దీవెనలు.

ఏజెంటు ఎవరు? ఏ ఊరు? పాస్‌పోర్ట్ ఎవరు పెట్టుకుంటారు? వారానికో సెలవైనా ఉందా? ఊరికే గదిచ్చి పైసలిచ్చేవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. తాబేళ్లు ఇక్కడ మా సూర్ ఒడ్డుకూ వస్తాయి. ఎన్నిసార్లు చూశానో! ఒక్కడూ ఒక్క రియాల్ ఇవ్వలేదు.

నువ్వు గల్ఫ్ గడప తొక్కొద్దనే నేనిక్కడ ఎండలో మాడుతున్నా. ఎవడైనా గల్ఫ్ పేరెత్తితే అక్కడే ఫోన్ పెట్టెయ్.

బాపు

తా.క.: నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. తాబేళ్లను చూడాలా, వండాలా అని మాత్రం మా రూమ్‌లో ఉండే జిలాని అడగమన్నాడు.

కోరుట్ల

బాపూ, దండాలు.

ఏజెంటు లేడు. పాస్‌పోర్ట్ నా దగ్గరే. ఊరు సముద్రం ఒడ్డున. నాకు పని చెప్పడానికి గైడ్‌గా ఒక మేడమ్ ఉంటారు. సెలవు శుక్రవారం. అమ్మ సరేనంది, ఇక నీదే ఆలస్యం.

నవీన

తా.క.: జిలాని మామకు చెప్పు. చూడడమే.

సూర్

బిడ్డకు దీవెనలు.

ఏజెంటు లేకపోతే కొంప మునిగినట్టే! ఉన్నవాడినైతే గల్లా పట్టుకోవచ్చు, లేనివాణ్ని ఎక్కడ పట్టుకోను? మన దేశంలో శుక్రవారం సెలవిచ్చే ఆఫీసేది? రూమంతా పంచాయితీ పెట్టాం. గణపతి తేల్చేశాడు: "గా మేడమే కఫీలు అన్నా. మూడేండ్లు పిల్లను ఇడ్వది." వీసా ఇచ్చి మనల్ని గుప్పిట్లో పెట్టుకునే యజమానిని మేం కఫీలంటాం. సెలవు పెట్టా. వచ్చి నిన్ను విడిపించుకుంటా.

బాపు

తా.క.: ఖర్జూరాలిస్తే ఆ మేడమ్ వదులుతుందా, హల్వా కూడా తేవాలా?

కోరుట్ల

బాపూ, టికెట్ తియ్యకు!

ఆ మేడమ్ ఉండేది మీ సూర్‌లోనే. అందుకే శుక్రవారం సెలవు. గల్ఫ్ అంటే వద్దంటావని దాచాను, తిట్టు, పడతాను.

తాబేళ్ల మీద ఆసక్తి ఎలా కలిగిందని అప్లికేషన్‌లో అడిగారు. చిన్నప్పుడు నేను అన్నం తిననని మారాం చేస్తే నువ్వు ఫోన్‌లో చెప్పేవాడివి కదా, ఇసుకలో గుడ్లు పెట్టి, కన్నీళ్లతో సముద్రంలోకి వెళ్లిపోయే తల్లి తాబేలు గురించి. అదే రాశాను. అది చదివే మేడమ్ నన్ను తీసుకున్నారు. ఏజెంటు లేడని అబద్ధం చెప్పాను బాపూ. నా ఏజెంటువి నువ్వే. నన్ను చదివించిందీ, ఈ దారి చూపిందీ నువ్వే. నీ మేలు మరిచిపోను.

ఊఁ అంటావా?

నవీన

తా.క.: హల్వా ఉంచు. శుక్రవారం కలిసి తిందాం.

సూర్

బిడ్డా,

ఊఁ.

బాపు

తా.క.: హల్వా రెండు డబ్బాలు కొన్నా. ఒకటి ఏజెంటు కమీషనంటూ రూమ్‌లో వాళ్లు అప్పుడే తినేశారు.