ఎర్ర గొడుగు

బాబాయికి,

ఈ ఉదయం హాస్టల్ కిటికీ అద్దం మీద చిన్న ఎర్ర పురుగొకటి పాకుతోంది. దాని పక్కన చూస్తేనే వెనకున్న కొండ ఎంత పెద్దదో తెలిసింది. వెంటనే మీరు గుర్తొచ్చారు.

సెలవుల్లో మీ స్కూటరు మీద మనిద్దరం ఎన్ని ఊళ్ళు దాటామో! నచ్చిన చోట మీరు కెమెరా స్టాండు నిలబెట్టి, చేతికి ఎర్ర గొడుగిచ్చి నన్ను పొలాల్లోకి తరిమేవారు. "ఇంకా దూరం పో తల్లీ, ఇంకా! ఇప్పుడు నువ్వు మనిషివి కాదు, కొలబద్దవి" అని అరిచేవారు. ఫోటో అంటే మొహం దాచుకునే నేను, అంత దూరంలో మొహం కనబడదు కదా అని ధైర్యంగా నిలబడేదాన్ని. మబ్బు తొలిగేదాకా కదిలేదాన్ని కాదు.

"కొండ కింద ఈ ఎర్ర చుక్కేమిటండీ?" అని ఇంటికొచ్చినవాళ్ళు ఆ ఫోటోలు చూసి అడిగితే, "మా అన్నయ్య కూతురు" అనేవారు మీరు. పిన్ని నవ్వేది.

నేను హాస్టల్లో చేరాక, ఎదురింటి అమ్మాయిని నిలబెట్టి తీస్తానని మీరు నాతో తెచ్చుకున్న ఆ గొడుగు అడిగారు. బస్సులో మరిచిపోయానని రాశాను.

చేతులు వణుకుతున్నాయని మీరు కెమెరా ఎవరికో ఇచ్చేస్తున్నారట. పిన్ని రాసింది. దయచేసి ఇవ్వకండి. నేను శనివారం వస్తున్నాను. ఈసారి మీరు వెళ్ళి దూరంగా నిలబడండి, బటన్ నేను నొక్కుతాను. మీలా అరవడం నాకు చేతకాదు. చెయ్యి ఊపుతాను, చూసుకోండి.

మీ కొలబద్ద

గొడుగు బస్సులో పోలేదు బాబాయ్. నా పెట్టెలోనే ఉంది.